గడపకి ఇవతల

పందుల కోసం కూరిన తుపాకి అది. ఏటిగట్టు మీద మొక్కజొన్నలో అడవిపందులు పడి చేనంతా దున్నిపారేస్తున్నాయని జగన్నాధం పొద్దున్నే గొట్టంలో మందు పోసి, కొబ్బరిపీచు కుక్కి, ఇనపగుళ్ళు వేసి, చువ్వతో దట్టించి నట్టింట్లో ధాన్యం గరిసె పక్కన మేకుకి తగిలించాడు. పొద్దు వాలాక మంచె మీదికి పట్టుకుపోదామని. పేలడానికి పైన పెట్టే కేపు మాత్రం పెట్టలేదు. అవి గరిసె మూత మీద అగ్గిపెట్టెలో ఉంటాయి. లైసెన్సు కాగితంలో పంట రక్షణకు అని రాసి ఉంది. మనుషుల రక్షణకని అందులో ఎక్కడా లేదు. ఆ సంగతి తరవాత ఎస్సై చదివి వినిపించేదాకా ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

వైశాఖమాసపు ఎండ. అన్నాలయ్యాక వీధిలో కుక్క కూడా కనబడని వేళ. జగన్నాధం అరుగు మీద నులకమంచం వాల్చి, పొట్ట మీద తడితువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నాడు. లోపల అతని భార్య పార్వతి గరిసెకి చేరగిలబడి చింతపండు గింజలు తీస్తోంది. అత్త నారాయణమ్మ పెరట్లో పిడకలు తిరగేస్తోంది. కూతురు హర్షిత సెలవలకని నెల్లిమర్లలో మేనమామ ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల అక్కడ ఉండబట్టి బతికిపోయింది అని పార్వతి ఆ తరవాత ఎన్నిసార్లు అనుకుందో!

అరుగు మీద కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది. వెంటనే ఇంకోటి. అప్పుడు గాని జగన్నాధం కేక వినబడలేదు.

మొన్ననే అతను తన పొలం గట్టు మీదుగా వంశధారలోకి దిగే ఇసక ట్రాక్టర్లకి తాటిదుంగలు అడ్డం వేశాడు. కాలవ పూడిపోయింది, ఆకుమడికి నీరెక్కదు అని ఎమ్మార్వో ఆఫీసులో కాగితం పెట్టాడు. ఆ కాగితం తెల్లారేసరికల్లా ఇసక కాంట్రాక్టరు రమేష్‌బాబు చేతిలో ఉంది. సర్కారు పని అంత చురుగ్గా సాగడం ఆ మండలంలో ఎవరూ ఎరగరు.

వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒకడి చేతిలో గునపం, ఇంకొకడి చేతిలో ట్రాక్టరు జాకీ రాడ్డు. ముందున్నవాడు లక్ష్ముడు, రమేష్‌బాబు ట్రాక్టరు డ్రైవరు. వాడి చేతిలో కొబ్బరిబొండాలు కొట్టే కత్తి ఉంది. జగన్నాధం మంచం మీదినుంచి దొర్లి కింద పడ్డాడు. తలలోంచి కారే నెత్తురు కళ్ళలోకి దిగి దారి కనబడక, చేత్తో తడుముకుంటూ గడప పట్టుకున్నాడు. రాడ్డువాడు మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు పార్వతికి లోపలికి వినబడింది. అయినా అతను మోచేతుల మీద పాకుతూ గడప దాటి ఇంట్లోకి వచ్చాడు. నట్టింటి మట్టినేల మీద, అత్త ఆ శుక్రవారమే ఎర్రమట్టితో అలికిన నేల మీద, వెనకాల నెత్తుటి చార పడింది.

"ఓలమ్మో! సంపేత్తన్నారు! ఎవురైనా రండర్రా!" అని పార్వతి అరిచింది. ఎవరూ రాలేదు. ఎదురింటి తలుపు తెరుచుకుని మళ్ళీ మూసుకుంది.

ఆమె తుపాకి ఎప్పుడు దించిందో ఆమెకే తెలియదు. అగ్గిపెట్టె తెరిస్తే కేపులన్నీ నేల మీద చిమ్మాయి. వేళ్ళకి చింతపండు జిగురు. ఆ జిగురుకే ఒకటి అంటుకుని వచ్చింది. అది గొట్టం మొదట దాని చోటులో పెట్టి, మంచె మీద మొగుడు ఒకసారి నేర్పినట్టు కేపుని కొట్టే గుర్రం వెనక్కి లాగింది.

లక్ష్ముడు గడప దాటాడు. జగన్నాధం నడుం మీద కాలు పెట్టి కత్తి ఎత్తాడు.

"ఒరే లక్ష్ముడూ, ఆగరా! కాలుస్తాను!"

వాడు తలెత్తి చూశాడు. మొన్న పుష్యమాసంలో ఈ ఇంటి వరి వాడి ట్రాక్టరుతోనే నూర్చారు. ఆ నాలుగు రోజులూ అదే అరుగు మీద కూర్చుని పార్వతి వడ్డించిన అన్నం తిన్నాడు. చేపల పులుసు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నాడు.

"నీతో పని లేదు ఒదినా. నువ్వు తప్పుకో" అన్నాడు. మామూలుగానే అన్నాడు. అని మళ్ళీ కిందికి చూసి, వెయ్యాల్సిన చోటు సరిచూసుకుని, కత్తి ఇంకా పైకెత్తాడు.

పార్వతి మీట నొక్కింది.

ఇల్లంతా పొగ కమ్మేసింది. చెవులు గింగురుమన్నాయి. తుపాకి మడమ తన్నిన తన్నుకి ఆమె గరిసెకి కొట్టుకుని కింద పడింది. పొగ పలచబడేసరికి లక్ష్ముడు గడపకి ఇవతల వెల్లకిలా పడి ఉన్నాడు. చొక్కా ముందుభాగం చిరుగులు చిరుగులుగా కాలింది. గొంతులో గురగురమని చప్పుడవుతోంది. తప్పిపోయిన గుళ్ళు కొన్ని గుమ్మం పక్క మట్టిగోడలో దిగాయి. మిగతా ఇద్దరూ వీధి చివరిదాకా పరిగెత్తి ట్రాక్టరెక్కేశారు.

నారాయణమ్మ పెరట్లోంచి పిడకల చేతులతోనే వచ్చింది. కొడుకుని చూసి గుండె మీద దబదబా బాదుకుంది. పార్వతి చీర చింపి తలకి కట్టు కడుతోంది. పసుపు డబ్బా అంతా కుమ్మరించినా నెత్తురు ఆగడం లేదు. అప్పుడు ముసలామె చూపు లక్ష్ముడి మీద పడింది.

"పార్వతీ, ఆడి కాళ్ళట్టు."

"ఇతన్ని సూడు అత్తా ముందు! ఊపిరాడతందో లేదో!"

"ఇయ్యాల ధనిష్ఠే! ధనిష్ఠలో నట్టింట పేణం పోతే ఆర్నెల్లు ఇల్లు పాడెట్టాల. కాదంటే ఆ ఇంట్లో ఇంకో పేణం ఎల్తాది. రేపు నా కొడుకుని ఏ ఇంటికి తెస్తావు? పట్టు ముందు!"

ఆ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా ఆ మాట అర్థమవుతుంది. కన్నతండ్రి అయినా సరే, చెడ్డ నక్షత్రంలో ఆఖరి ఊపిరి తీస్తుంటే మంచంతో సహా వీధిలోకి మోసుకొస్తారు. ఇంట్లో పోతే ఇంటికి తాళం వేసి, గుమ్మానికి ముళ్ళకంప పెట్టి, ఊరి చివర పాక వేసుకుని బతకాల్సిందే. పార్వతి ఇంకేమీ ఆలోచించలేదు. ఆమె కాళ్ళు పట్టింది, అత్త చంకల్లో చేతులు వేసింది. బరువైన మనిషి. ఇద్దరూ రొప్పుతూ ఈడ్చారు.

గడప దాటకముందే ఆ గురగుర ఆగిపోయింది. పార్వతి విన్నది. అత్త మొహంలోకి చూసింది. అత్త ఆమె వంక చూడలేదు, ఇంకా గట్టిగా ఈడ్చింది.

వీధిలో చూరు నీడన పడుకోబెట్టి, నారాయణమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి నోట్లో పోసింది. నీళ్ళు పక్కకి కారిపోయాయి. అప్పటికి జనం ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. "ఇక్కడే పోనాడు! అందరూ సూడండి, ఈదిలోనే పోనాడు!" అని ముసలామె గొంతెత్తి చెప్పింది.

నూటెనిమిది వచ్చి జగన్నాధాన్ని ఎక్కించుకుంటుంటే పార్వతి వెనక్కి తిరిగి చూసింది. అత్త అప్పటికే చేటలో ఎర్రమట్టి, బాల్చీలో పేడనీళ్ళు పెట్టుకుని నట్టింట కూర్చుంది. నెత్తుటి మన్ను పైపైన గీకేసి, కొత్తమట్టి మెత్తి, చేత్తో నున్నగా ఒరపడం మొదలెట్టింది. గుళ్ళు దిగిన గోడకి కూడా మట్టి పామింది. పార్వతికి అందులో వింతేమీ కనబడలేదు. తను ఉన్నా అదే చేసేది.

*

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో జగన్నాధాన్ని లోపలికి తీసుకుపోయాక పార్వతి వరండాలో గోడవారగా కూలబడింది. జాకెట్టు నిండా నెత్తురు ఎండి అట్ట కట్టింది. మరిది చంద్రమౌళి నరసన్నపేట నుంచి ఆయాసపడుతూ వచ్చి చెవిలో గొణిగాడు.

"ఒదినా, పోలీసులొస్తన్నారు. అన్నయ్యే కాల్చేడని సెప్పు. లైసెన్సు ఆడి పేరునే ఉన్నాది. ఆడికెలాగూ తెలివి లేదు కదా."

"తెలివొచ్చేక ఏటి సెప్పమంతావు? నువ్వే మనిషిని సంపేవు, మంచం మీంచి లెగరా, జైలుకి పద అనా?"



ఎస్సై వచ్చేసరికి ఆమె దాపరికం లేకుండా చెప్పేసింది. "నానే పేల్చేను బాబూ. ఇంట్లోకొచ్చి కత్తెత్తేడు. ఆగమన్నాను. ఆగలేదు."

"ఇంట్లోకా?" ఎస్సై పక్కనున్న రైటరు వంక చూసి నవ్వాడు. "శవం వీధిలో ఉంది. నెత్తురు వీధిలో ఉంది. మీ అత్తే అందరి ముందూ చెప్పింది, వీధిలోనే పడ్డాడు, వీధిలోనే పోయాడని. నేను గుమ్మంలోంచి లోపలికి చూశాను. నేల అద్దంలా ఉంది. ముగ్గు కూడా వేసి ఉంది."

"అది మా అత్త అలికింది బాబూ! ఈడ్సి పడీసేం మేమే. ధనిష్ఠని..."

"ధనిష్ఠా?" అని అతను ఈసారి గట్టిగానే నవ్వాడు. "చూడమ్మా, నీ మొగుణ్ణి అరుగు మీద కొట్టారు. అది నేను కాదనను. ఆ కేసు వేరే కట్టాను. కొట్టినవాళ్ళు వెళ్ళిపోతున్నారు. నీకు ఒళ్ళు మండింది. తుపాకి పట్టుకుని వీధిలోకి తరిమావు. వాడు వెనక్కి తిరిగి దండం పెడుతుంటే గుండెల మీద పేల్చావు. చూసినవాళ్ళు ఇద్దరున్నారు."

ఆ చూసినవాళ్ళు ఎవరో పార్వతికి చెప్పక్కర్లేదు. గునపంవాడూ రాడ్డువాడూ తప్ప ఆ ఎండలో వీధిలో ఎవడున్నాడు! కొట్టినవాళ్ళే సాక్షులు. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది. ఇంకో కేపు, ఇంకో గుప్పెడు మందు ఉంటే బాగుండునని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. అలా అనిపించినందుకు భయమేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

"ఆడమనిషివని ఊరుకుంటున్నాను. లే" అన్నాడు ఎస్సై.

*

కోర్టు వరండాలో బెంచీ మీద ఒకపక్క మహిళా కానిస్టేబులు, ఇంకోపక్క లాయరు భరణి. చంద్రమౌళి కుదిర్చిన మనిషి. వయసు చిన్నది, మాట మాత్రం నిదానం. పార్వతి చెప్పిందంతా అడ్డురాకుండా విని, ఫైలు మూసి చేతిలో పట్టుకుంది.

"ప్రాణం కాపాడుకోడానికి ప్రాణం తీసినా నేరం కాదని చట్టంలోనే ఉందమ్మా. వందో సెక్షన్. నీ ప్రాణమే కానక్కర్లేదు, నీ భర్త ప్రాణం కోసమైనా సరే. కత్తి ఎత్తినవాణ్ణి ఆగమన్నావు. ఆగలేదు. ఒక్కసారి పేల్చావు. పడ్డాక మళ్ళీ కొట్టలేదు. ఇంతకంటే శుభ్రమైన కేసు ఉండదు. లైసెన్సు నీ పేరున లేకపోవడం వేరే తప్పు. దానికి వేరే శిక్ష, చిన్నది. దానివల్ల నీ హక్కు పోదు."

"మరింకేటమ్మా?"

"అదంతా మనం రుజువు చేసుకోవాలి. పారిపోయేవాడి మీద పేలిస్తే అది రక్షణ కాదు, కక్ష. అంటే హత్య. వాడు గడపకి ఇవతల పడ్డాడా, అవతల పడ్డాడా? కేసంతా అక్కడుంది. మీ ఆయన బోర్లా పడి ఉన్నాడు, తెలివి వచ్చినా చూశానని చెప్పలేడు. చూసింది మీ అత్త ఒక్కతే."

నారాయణమ్మ అప్పుడే కేరేజీ పట్టుకుని మెట్లెక్కుతోంది. గేటు దగ్గర లక్ష్ముడి పెళ్ళాం పద్మకుమారి, వాడి తరఫు మనుషులు ఉన్నారు. రమేష్‌బాబు జీపు కూడా ఉంది, మనిషి మాత్రం దిగలేదు. పార్వతిని చూడగానే పద్మకుమారి జనాన్ని తోసుకుని వరండాలోకి వచ్చింది. కానిస్టేబులు లేచేలోపలే పార్వతి జుట్టు పట్టుకుని బెంచీ మీంచి కిందికి లాగింది. చెప్పు తీసి మొహం మీద, మెడ మీద వాయించింది.

"ముండా! కుక్కని కాల్సినట్టు కాల్సీసినావే! పారిపోతన్నోణ్ణి ఈదిలోకి తరిమి కాల్సీసినావే! ఆడు నీ ఇంటికి రాలేదే, ఈదిలోనే ఉన్నాడే! నా పిల్లలకేటి సెప్పమంతావే!"

పార్వతి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు కలిసి పద్మకుమారిని ఈడ్చుకుపోయారు. వాళ్ళు ఈడ్చుకుపోతుంటే కూడా ఆమె అదే మాట అరిచింది, వీధిలో, వీధిలో అని. నారాయణమ్మ మెట్టు మీద కేరేజీతో అలాగే నిలబడిపోయింది.

భరణి ఆమెని పక్కకి పిలిచి కూర్చోబెట్టింది. "అమ్మా, వాడు లోపలే పడ్డాడని మీరు చెప్పాలి. మీరు అలికారని కూడా చెప్పాలి. దాచకుండా చెబుతున్నాను, ఆధారాలు చెరిపారని మీ మీద కేసు పెట్టినా పెట్టొచ్చు. కానీ మీ కోడలు బతుకుతుంది."

"ఈదిలోనే పడ్డాడు" అంది నారాయణమ్మ.

"పడింది లోపలని చెప్పండి. పోయింది వీధిలోనని చెప్పండి. మీ ఇంటికి దోషం రాదు."

ముసలామె ఆ మాటకి కొంచెం తడబడింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. పార్వతి చిట్లిన పెదవితో మెల్లిగా అంది. "అత్తా. గడప దాటకముందే ఆగిపోనాది కదా. నువ్వూ ఇన్నావు."

నారాయణమ్మ చటుక్కున కోడలి నోరు అరచేత్తో మూసేసింది. 

"మూసెయ్. ఆ మాట అనకు. నాను ఇన్లేదు. నా కొడుకు ఆ ఇంటికి రావాల. ఆడు ఆ గడపలో పుట్టేడు, అక్కడికే రావాల. బయట దిక్కులేనోడిలా నాను ఉంచను. లోపల పడ్డాడని నోరిప్పితే నా నోటంట మిగిలిందీ వచ్చేస్తాది. అద్దం ముక్క మింగి అజీర్తని సెప్పినట్టు, సగం సెప్పి సగం దాసమంతారేటే? ఈదిలోనే పడ్డాడు."

కేరేజీ బెంచీ మీద పెట్టి, తిరిగి చూడకుండా మెట్లు దిగిపోయింది. అందులో పెసరపప్పు, మామిడికాయ పచ్చడి, ఉడుకన్నం. పార్వతికి ఇష్టమైనవే చేసుకొచ్చింది. అది చూశాక గాని పార్వతికి ఏడుపు రాలేదు.

*

భరణి పెట్టిన అర్జీ మీద కేసు చేతిలోకి తీసుకున్న సీఐ వెంకటరావు ఇల్లు తనే చూస్తానన్నాడు. కోర్టు ఒక రోజు పోలీసులకి అప్పగిస్తే పార్వతిని జీపులో ఊరికి తీసుకొచ్చారు. దారిలో ఏటిగట్టు దగ్గర జీపు ఆగాల్సి వచ్చింది. ఎదురుగా ఇసక ట్రాక్టర్లు వరసగా వస్తున్నాయి. జగన్నాధం అడ్డం వేసిన తాటిదుంగలు కాలవలోకి దొర్లించి ఉన్నాయి. మొక్కజొన్న మీదినుంచి కొత్త బాట పడింది. జీపు డ్రైవరు ఓపిగ్గా పక్కకి తీసి వాళ్ళకి దారిచ్చాడు. పార్వతి ఒక్కొక్క ట్రాక్టరూ పోయేదాకా చూసింది.

ఊరంతా ఇంటి ముందే ఉంది. ఎదురింటి తలుపు ఈసారి బార్లా తెరిచి ఉంది. సీఐ బూట్లు బయట విడిచి లోపలికి వచ్చాడు. వెనకాల ఎస్సై, వీఆర్వో, పంచనామాకి పిలిచిన పెద్దమనుషులు, భరణి. నారాయణమ్మ అరుగు చివర స్తంభానికి ఆనుకుని కూర్చుంది. 

"ఎక్కడ?" అన్నాడు సీఐ.

పార్వతి చూపించింది. మొగుడు ఎక్కడ పడ్డాడో, వాడు ఎక్కడ కాలు పెట్టాడో, తను ఎక్కడ నిలబడిందో. సీఐ గరిసె దగ్గర నిలబడి గుమ్మంవైపు చూశాడు. వంగి నేల మీద చెయ్యి పెట్టాడు. ఎర్రగా, నున్నగా, పగులు లేకుండా ఉంది. గోడ కూడా అంతే. ముసలిదైనా నారాయణమ్మ అలికిన నేలకి ఆ ఊళ్ళో పేరు.

"ఏమీ లేదు కదమ్మా" అన్నాడు. అతని గొంతులో వెటకారం లేదు, అదే ఇంకా బాధ.

"మొదట్నించీ చెబుతున్నాను సార్" అన్నాడు ఎస్సై. "లోపల తవ్వించినా కోళ్ళ నెత్తురే దొరుకుతుంది. ఇంటి పెద్దావిడే చెబుతోంది వీధి అని."

అప్పుడే చంద్రమౌళి జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. చేతిలో ఫోను. వాడి మొహం వెలిగిపోతోంది. "అమ్మా! అన్నయ్య కళ్ళు తెరిసేడంట! మాటాడేడంట! గండం గడిసింది, కొన్నాళ్ళలో ఇంటికి తీసుకుపోవచ్చు అన్నాడంట డాక్టరు!"

నారాయణమ్మ స్తంభం పట్టుకుని లేచింది. "ఏటన్నాడు? నా కొడుకు ఏటన్నాడు?"

"పార్వతికి దెబ్బేటైనా తగిలిందేటి, ఎక్కడున్నాది, పిలండి అన్నాడంట. అదే అడుగుతున్నాడంట. ఊర్లో ఉన్నాది, వస్తాది అని సెప్పేరంట."

పార్వతి కొంగు నోట్లో కుక్కుకుంది. ముసలామె కాసేపు కొడుకు పడుకునే నులకమంచం వంక చూసింది. ఎవరో దాన్ని కడిగి అరుగు మీద నిలబెట్టారు. తరవాత పెరట్లోకి వెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నారు అందరూ. కొడవలి పట్టుకుని తిరిగొచ్చింది.

"ఏయ్, ఏయ్!" అంటూ ఎస్సై వెనక్కి గెంతాడు.

నారాయణమ్మ అతని వంకైనా చూడకుండా నట్టింట చతికిలబడి, కొడవలి మొనతో నేల గీకింది. తన చేత్తో ఒరిపిన మట్టి పెచ్చులు పెచ్చులుగా లేచింది. పైపొర కింద మన్ను నల్లగా ఉంది. నెత్తురు లోపలికంటా ఇంకి, గడ్డ కట్టి, చీమలు పట్టి ఉంది. గడప దాకా గీకుతూనే ఉంది. ఈడ్చిన జాడ చారగా బయటపడింది. లేచి గుమ్మం పక్క గోడని కొడవలి పిడితో కొట్టింది. మట్టి రాలింది, దాంతోపాటు ఇనపగుళ్ళు రెండు మూడు టపటపా నేల మీద పడ్డాయి. వీఆర్వో నోరు తెరిచాడు. సీఐ వెంటనే అందరినీ వెనక్కి జరిపి, ఫొటోలు తియ్యమని కేకేశాడు.

"ఇక్కడే పడ్డాడు" అంది నారాయణమ్మ రొప్పుతూ. "నా కొడుకు మీద కాలెట్టి కత్తెత్తినోడు ఈదిలో పడతాడేటి బాబూ? ఇక్కడే. నా కోడలు అక్కణ్ణించి పేల్సింది."

"చాలమ్మా, అంతవరకు చాలు" అంది భరణి గబగబా.

"సాలదు. ఇక్కడే పోనాడు. గడప దాటకముందే పేణం పోనాది. నాను ఇన్నాను. ఇని కూడా ఈడ్సేను. అలికిందీ నానే, గోడకి మట్టి పామిందీ నానే. అందరి ముందూ అబద్ధమాడిందీ నానే. రాసుకోండి. కోడలికి ఈ పాపం లేదు."

వీధిలో జనం గుప్పున గుసగుసలాడారు. ధనిష్ఠ, నట్టిల్లు అన్న మాటలు ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి పోయాయి. లోపల పార్వతి ఆ నల్లటి మరక వంక చూస్తూ నిలబడింది. ఆ మరకే తనని బతికిస్తుందని లాయరమ్మ చెప్పింది. నిజమే. కానీ అది మనిషి వెడల్పున ఉంది. చేపల పులుసు మళ్ళీ అడిగి వేయించుకున్న మనిషి అక్కడ వెల్లకిలా పడి ఊపిరి విడిచాడు. ఈ నాలుగు రోజులూ ఎస్సైకీ లాయరుకీ పేల్చానని చెబుతూనే ఉంది గాని, చంపాను అన్నది ఇప్పుడు తెలిసింది. గరిసె పట్టుకుని వాంతి చేసుకుంది. ఇంకోసారి వాడు కత్తెత్తితే ఇంకోసారీ పేలుస్తుంది. అదీ తెలిసింది. 

నమూనాలు తీయడం, కాగితాలు రాయడం అయ్యేసరికి ఎండ వాలింది. నారాయణమ్మ అందాకా ఇంట్లోంచి ఒక్కొక్కటే బయటికి చేరవేసింది. దేవుడి పటాలు, బియ్యం కుండ, హర్షిత పుస్తకాల సంచీ, కొడుకు నులకమంచం. ఆఖర్న పొయ్యిలో నీళ్ళు పోసింది. తలుపు మూసి గొళ్ళెం పెట్టింది. దొడ్డివైపు వెళ్ళి తుమ్మకంప ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా వేసింది. ముళ్ళు గీరుకుని మోచేతి దాకా నెత్తురు చారలు పడ్డాయి.

"ఇల్లు మేం సీలు చెయ్యాలమ్మా" అన్నాడు సీఐ.

"మీ సీలు మీరెట్టుకోండి. ముళ్ళకంప ఎట్టేను. ఆర్నెల్లు ఈ ఊర్లో ఎవుడూ ఆ గడప తొక్కడు" అంది నారాయణమ్మ.  ఎస్సై బూట్ల కోసం వెతుక్కుంటూ ముందుగా వీధిలోకి దిగిపోయాడు.

పార్వతిని జీపు ఎక్కిస్తున్నారు. నారాయణమ్మ పక్కకి వచ్చి నిలబడింది. పేడ, మట్టి, నెత్తురు కలిసిన చేతులు కొంగుకి తుడుచుకుంది గాని అవి పోలేదు. "బెయిలు వస్తాదంట, లాయరమ్మ సెప్పింది" అంది.

"అతన్ని ఎక్కడుంచుతావు అత్తా?"

"ఎడ్లని కట్టే సాల ఉన్నాది కదా. గోడలకి తడికలు కడతాను. రేపు మంచి మట్టి తెచ్చి అలుకుతాను."  "నా కొడుక్కి ఏటైనా అవుతాదేటే పార్వతీ? ఇల్లు పాడెట్టేను కదా, ఇంకేటీ అవదు కదా?"

దోషం తీరిందో లేదో పార్వతికి మాత్రం ఏం తెలుసు! కానిస్టేబులు తొందర పెడుతున్నా చెయ్యి బయటికి చాచి, ముళ్ళు గీరిన ఆ చేతిని పట్టుకుంది. "ఏటీ అవదు. మంచం సాల్లో తూరుపుకి ఎయ్యి. గాలొస్తాది. నాను వచ్చేదాకా నువ్వే తినిపించు" అంది.

జీపు కదిలింది. ముసలామె అరుగు మీది మంచం తలకెత్తుకుని, ఎవరినీ సాయం పట్టనివ్వకుండా, సాలవైపు నడిచింది.